పాత టౌన్‌హాలు రిపేరు మీ నెత్తిన పడితే: గోదావరి డెల్టా ఊళ్ళలో పని చేయించేవారికి మెట్టు మెట్టుగా

"పాత లైబ్రరీ భవనం రిపేరు కమిటీలో నా పేరు వేశారండి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకేచోట రాసి పెట్టడం మేలనిపించింది.

నేను మునిసిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇలాంటి భవనాలు నాలుగు నా చేతిమీదుగా బాగుపడ్డాయి. ఒకటి పాడైంది కూడా. దాని సంగతి ఐదో భాగంలో చెబుతాను.

ఇక్కడ పాత భవనం అంటే సిమెంటు వాడకం రాకముందు ఇటుక, సున్నం, టేకుతో కట్టిన టౌన్‌హాలు, గ్రంథాలయం, తాలూకా కచేరీ, మునిసిపల్ ఆఫీసు. పిల్లర్లు, స్లాబు ఉన్న భవనానికి ఈ పద్ధతులు పనికిరావు.

## 1. ముందు కాగితాలు

భవనం ఎవరి పేరున ఉందో తేల్చండి. మునిసిపాలిటీదా, రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)దా, జిల్లా గ్రంథాలయ సంస్థదా, రిజిస్టరైన సంఘానిదా, దాత పెట్టిన ట్రస్టుదా? "ఊరందరిదీ" అని జవాబు వస్తే బిల్లుమీద సంతకం పెట్టేవాడు లేడని అర్థం.

దానపత్రం ఉంటే నకలు తెప్పించి పూర్తిగా చదవండి. భవనాన్ని ఫలానా పనికే వాడాలని, పేరు మార్చకూడదని షరతులు ఉండొచ్చు. దాత కుటుంబం ఊళ్ళో ఉంటే ఒకసారి ఇంటికి వెళ్ళి చెప్పి రండి. పని మధ్యలో కోర్టు నోటీసు అందుకోవడం కంటే వాళ్ళింట్లో ఓ కాఫీ తాగిరావడం తేలిక.

రక్షిత కట్టడాల జాబితాలు రెండూ చూడండి. కేంద్రానిది 1958 చట్టం, రాష్ట్రానిది 1960 చట్టం. మీ భవనం జాబితాలో లేకపోయినా పక్కన కేంద్ర రక్షిత కట్టడం ఉంటే జాగ్రత్త. దానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ హద్దుల్లో రిపేరుకైనా అనుమతి తీసుకోవాలి.

చేతిలో ఉండాల్సినవి:

- యాజమాన్య పత్రం, సర్వే నంబరుతో హద్దుల స్కెచ్
- పని చేయించడానికి కౌన్సిలు లేక సంఘం తీర్మానం, అందులో మీ పేరు, మీ అధికారం ఎంతవరకో
- రక్షిత జాబితాలో ఉందో లేదో రాతపూర్వకంగా
- పాత ఫొటోలు, పాత ప్లాను, పాత రిపేరు బిల్లులు

ఆ పాత బిల్లులను తేలిగ్గా తీసుకోకండి. ఎప్పుడు ఏ గోడకు సిమెంటు పూశారో, ఏ ఏడు తారు వేశారో వాటిలోనే దొరుకుతుంది.

## 2. ఒక వానాకాలం, ఒక వేసవి చూడండి

తొందర ఉన్నవాళ్ళకు ఈ మాట నచ్చదు. కానీ డెల్టాలో గోడ జబ్బు ఒక్క రోజులో తెలియదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి మన ఊళ్ళు కాలువల మధ్య బతుకుతున్నాయి. కాలువ నిండుగా పారితే నేలలో నీటిమట్టం పైకొస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే కిందికి పోతుంది. ఈ తేడాయే మీకు ఉచితంగా దొరికే పరీక్ష.

చేయాల్సింది ఇంతే. కాలువలు నిండుగా ఉన్న ఆగస్టులో ప్రతి గోడమీదా నెమ్ము ఎంత ఎత్తుకు ఎక్కిందో పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. కాలువలు కట్టేశాక మేలో అదే గోడ మళ్ళీ చూడండి.

- గీత బాగా దిగితే నేలలోంచి ఎక్కే నీరు.
- వాన పడ్డ రెండు మూడు రోజులకు మాత్రమే మచ్చ కనిపిస్తే కప్పు, తూము లేదా వాన పైపు.
- ఏడాది పొడుగునా ఒకే చోట తడిగా ఉంటే కుళాయి పైపు లేదా మరుగుదొడ్డి లీకు.
- వాన లేకపోయినా గాలిలో ఉక్కపోత పెరిగితే చాలు గోడ చెమర్చి, ఎండ కాసిన రోజు పొడిబారితే గోడలో ఉప్పు. గాలిలోని తేమను ఆ ఉప్పే పీలుస్తుంది.

ఈ నాలుగో రకం భీమవరం చుట్టుపక్కల, సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఎక్కువ. ఊరిని ఆనుకుని ఉప్పునీటి రొయ్యల చెరువులుంటే ఆ నీరు ఎటు ఊరుతోందో కూడా కనుక్కోండి.

గోడమీద పాత వరద గుర్తు కనిపిస్తే చెరపకండి. 1986 ఆగస్టు వరదలో ఎంతవరకు నీళ్ళొచ్చాయో వీధిలో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. కరెంటు బోర్డులు ఎంత ఎత్తున పెట్టాలో, రికార్డుల బీరువాలు ఏ అంతస్తులో ఉంచాలో దాన్నిబట్టే నిర్ణయం.

పగుళ్ళకు గాజు పరీక్ష పెట్టండి. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి, రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించి తేదీ రాయండి. గాజు విరిగితే పగులు ఇంకా కదులుతోంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. కాబట్టి ఒక వానాకాలం, ఒక వేసవి గడిచినా గాజు విరగని పగులునే పాత పగులు అనుకోవాలి. విరిగితే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. అక్కడ మేస్త్రీ అంచనా చాలదు.

ఈలోగా ప్రతి గదికీ, ప్రతి గోడకూ, ప్రతి తలుపుకూ నంబరు వేసి ఫొటోలు తీయండి. ఫొటోలో ఒక స్కేలు బద్ద కనిపించాలి. తర్వాత "ఇది ముందునుంచీ ఇలాగే ఉందండి" అని కాంట్రాక్టరు అన్నప్పుడు ఆ ఫొటో తప్ప మీకు మరో సాక్షి ఉండడు.

## 3. మనుషులు, టెండరు

డబ్బు తగలేసేది ఎక్కువగా టెండరు దగ్గరే. ఎస్‌ఎస్‌ఆర్‌లో, అంటే ప్రభుత్వ పనుల ధరల పట్టికలో, ధర తేలిగ్గా దొరికేవన్నీ సిమెంటు పనులు. గానుగ సున్నం (గానుగలో ఆడించిన సున్నం), మద్రాసు టెర్రస్ (టేకు దూలాలమీద ఇటుక, సున్నంతో వేసిన మేడ కప్పు) పనికి విడిగా డేటా కట్టి, అంటే సామాను, కూలి లెక్క వేసి, రేటు రాయాలి. అది బద్ధకించి "ప్లాస్టరింగ్" అని ఒక్క మాట రాస్తే తక్కువ ధరకు వేసినవాడు సిమెంటు బస్తాలతో దిగిపోతాడు. తప్పు అతనిది కాదు, మీ కాగితానిది.

టెండరు కాగితంలో ఇవి విడివిడిగా ఉండాలి:

- ఏ పనికి ఏ సున్నం, ఏ ఇసుక, ఎన్ని పాళ్ళు
- మూడడుగుల చదరం నమూనా ముక్క చేసి చూపించి, ఆమోదం పొందాకే అసలు పని
- ఒక మెట్టు అయ్యాక మీ సంతకం లేకుండా రెండో మెట్టు మొదలుపెట్టకూడదని షరతు
- లంప్‌సమ్ (మొత్తం పనికి ఒకే ధర) కాకుండా కొలత ప్రకారం చెల్లింపు
- విప్పిన టేకు, పెంకు, ఇటుక, ఇత్తడి సామాను భవనం ఆస్తి అని, లెక్క అప్పజెప్పాలని
- పని పూర్తయ్యాక కనీసం రెండు వానాకాలాలు లోపాలకు కాంట్రాక్టరే బాధ్యుడని

విప్పిన సామాను షరతు మరిచిపోతే పాత టేకు దూలాలు రాత్రికి రాత్రి కలప అడితికి వెళ్ళిపోతాయి.

విప్పితే తప్ప బయటపడని పనులుంటాయి. అంచనాలో పదిహేను శాతం దాకా వాటికి విడిగా ఉంచమంటాను.

మేస్త్రీని ఎంచేటప్పుడు అతను చేసిన సున్నం పని ఎక్కడుందో అడిగి, వెళ్ళి చూడండి. గుడి పనులు చేసిన ముసలి మేస్త్రీ ఒకరు దొరికినా చాలు, కుర్రాళ్ళకు ఆయన నేర్పుతారు. ఆయన కూలి రెట్టింపు అడిగినా ఇవ్వండి.

## 4. వరుస తప్పకూడదు

సంక్రాంతి వెళ్ళాక పని మొదలైతే కాలువలకు నీళ్ళు వదిలే జూన్ నాటికి కప్పు, నేల, గోడ పనులు చాలావరకు ముగుస్తాయి. అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. అప్పుడు కప్పు విప్పి ఉంచడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

1. ప్రమాదం ఉన్నచోట దన్ను పెట్టడం, కరెంటు ఆపించడం
2. పుస్తకాలు, రికార్డులు, పటాలు, శిలాఫలకాలు భద్రం చేయడం
3. సున్నం నానబెట్టడం. అవును, మొదటి వారంలోనే
4. కప్పు, తూములు, వాన పైపులు
5. చుట్టూ నేల, మురుగు కాలువ
6. సిమెంటు పూత తీసి గోడ ఆరబెట్టడం
7. కలప, ఇనుము
8. గోడ అతుకులు, దర్జలు (ఇటుకల మధ్య సందులు), పూత
9. వైరింగు, ప్లంబింగు
10. వెల్ల, రంగు

చాలాచోట్ల పదోది మొదట చేస్తారు. ఎవరో పెద్దాయన వస్తున్నారని రంగు కొట్టించి, తర్వాత కప్పు విప్పుతారు.

పుస్తకాల విషయంలో ఒక్క మాట. ప్లాస్టిక్ కవర్లలో బిగించి మూట కట్టకండి, ఉక్కకు బూజు పడుతుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, అట్టపెట్టెల్లో, గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా పెట్టించండి.

## 5. కప్పు

మన పాత భవనాల్లో సాధారణంగా రెండు రకాలు కనిపిస్తాయి.

పెంకు కప్పు. పెంకులు దించేటప్పుడే మూడు కుప్పలు వేయించండి: బాగున్నవి, అంచు విరిగినవి, పనికిరానివి. బాగున్నవన్నీ వీధి వైపు, కొత్తవి వెనక వైపు వేస్తే ముందు రూపం మారదు. చూరు వరుసలను, కొప్పు వరుసను, అంచులను రాగి తీగతోనో స్టెయిన్‌లెస్ స్టీలు తీగతోనో కట్టించండి. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గాలి ముందు లేపేది ఆ వరుసలనే.

మద్రాసు టెర్రస్. టేకు దూలాలు, వాటిమీద నిలువుగా పేర్చిన సన్న ఇటుక, ఆపైన ఇటుక ముక్కల సున్నం కాంక్రీటు, పైన పలక ఇటుక. ఇది కారిందనగానే పైన ఒక పొర సిమెంటు వేస్తారు. ఐదేళ్ళకు మళ్ళీ కారితే తారు. ఆ తర్వాత ఇంకో పొర. ఒక రీడింగు రూము కప్పుమీద నేను నాలుగు పొరలు లెక్కపెట్టాను. దూలాలు కుంగడానికి కారణం చెద కాదు, ఆ బరువు.

ఆ పొరలు తీసేటప్పుడు బ్రేకర్ మెషీను వద్దు. ఉలి, చిన్న సుత్తి. ఒక్కోసారి రెండు గజాల మేర మాత్రమే. కింద గదిలో ఎవరూ ఉండకూడదు.

కారే చోటు కనుక్కోవడానికి మేడమీద నీళ్ళు కట్టి నిలబెట్టకండి. అంగుళం లోతు నీరు చదరపు మీటరుకు 25 కిలోల బరువు. దాని బదులు ఒక్కో భాగంమీద పైపుతో అరగంట నీళ్ళు పట్టించి, కింద ఒక మనిషిని సుద్దముక్కతో నిలబెట్టండి. పల్లం నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడి నీరు ఎక్కడ దిగుతోందో తేలదు.

కొత్తగా వేసే సున్నం కాంక్రీటును కొయ్య చెక్కలతో రోజుల తరబడి కొట్టాలి. చెక్క ఎగిరిపడి, దెబ్బకు గట్టి మోత వచ్చేదాకా. ఇప్పుడు కూలీలకు ఇది విసుగు. అయినా ఇక్కడ సర్దుకోవద్దు.

ఇక నా తప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత హాలుకు కప్పు ముట్టుకోకుండా గోడలకు సిమెంటు పూత పెట్టించాను. మేస్త్రీ "సిమెంటు పెట్టేద్దామండి, నాలుగు రోజుల్లో రాయిలా గట్టిపడిపోద్ది" అన్నాడు, నేను సరేనన్నాను. నిజంగానే రాయిలా గట్టిపడింది. మూడో వానాకాలంలో పెచ్చులు పెచ్చులుగా ఊడి, వెనక ఇటుక మొహాలను కూడా పట్టుకుపోయింది. పైనుంచి దిగిన నీరు ఆ పూత వెనక ఇరుక్కుంది, బయటికి పోయే దారి లేదు.

## 6. నేల, మురుగు

మీ భవనం ముందు నిలబడి రోడ్డు చూడండి. కట్టినప్పుడు వీధికంటే మూడు నాలుగు మెట్లు ఎత్తున ఉండాల్సింది ఇప్పుడు ఒక మెట్టుకు దిగిపోయిందా? ప్రతి పదేళ్ళకూ రోడ్డుమీద రోడ్డు వేసుకుంటూ పోయారు. భవనం గుంటలో పడింది.

- గోడ పక్కన చేరిన మట్టిని పాత మట్టం వచ్చేదాకా తీయించండి. పునాది రాయి కింద అంచు కనిపించకముందే ఆపాలి.
- ఒకేసారి చుట్టూ తవ్వకండి. నాలుగడుగులు తవ్వి, ఎనిమిది అడుగులు వదిలి, మళ్ళీ నాలుగు. మొదటివి సర్దాకే మిగతావి.
- గోడను ఆనుకుని రెండడుగుల మేర కంకర పరిచి వదలండి. దాని అవతల, గోడనుంచి దూరంగా వాలు ఉండేలా మురుగు కాలువ.
- గోడదాకా సిమెంటు చప్టా వేస్తే నేలలోంచి ఎగిరిపోవాల్సిన తేమ గోడలోకి ఎక్కుతుంది. లోపల గ్రానైటు పరిచినా అంతే.

వాన పైపు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా కాలువ దాకా తీసుకెళ్ళండి. చిన్న బెండు (పైపు వంపు ముక్క) లేక గోడే పోతుంది.

## 7. సున్నం

ఎక్కువమంది అడిగేది దీని గురించే, కాబట్టి వివరంగా చెబుతాను.

ఏ సున్నం. తీరప్రాంతంలో దొరికే గుల్ల సున్నం తెల్లగా, మెత్తగా ఉంటుంది. పైపూతకు, వెల్లకు బాగుంటుంది. రాతి సున్నం పిడుగురాళ్ళనుంచి వస్తుంది. ఏదైనా కాల్చిన గడ్డలుగానే కొనండి, బస్తాల్లో పొడి వద్దు. గడ్డ నీళ్ళలో వేస్తే బుస కొట్టి, మరిగి, విచ్చుకోవాలి. గడ్డలుగానే మిగిలిందంటే సరిగా కాలలేదు, లేదా గాలి తగిలి చచ్చిపోయింది.

నానబెట్టడం. ఇనప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డలమీద నీళ్ళు గుమ్మరిస్తే చిమ్మి కళ్ళు పోతాయి. కళ్ళద్దాలు, గ్లోవ్స్, పక్కనే మంచినీళ్ళ బకెట్టు తప్పనిసరి. ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి కరుగుతుంది. చల్లారాక సన్న జల్లెడ పట్టి, గోతిలో పోసి, పైన నాలుగు వేళ్ళ నీరు నిలిచేలా ఉంచండి. కనీసం నెల. ఎంత నానితే అంత వెన్న.

నీళ్ళు. బోరు నీళ్ళు నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే వద్దు, ట్యాంకరుతో మంచి కాలువ నీళ్ళు తెప్పించండి. ఉప్పు నీళ్ళతో కలిపిన సున్నం అంటే గోడకు కావాలని ఉప్పు పట్టించడమే.

ఇసుక. గోదావరి ఇసుకే, కానీ ఏ ర్యాంపుదో (ఏటిలో ఇసుక తీసే చోటు) అడగండి. సముద్రపు పోటు ఎక్కే పాయల చివరి ఇసుక వద్దు. గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్ళు పోసి ఊపి, రాత్రంతా ఉంచండి. పైన తేరిన ఒండ్రు పొర ఇసుక మందంలో పన్నెండో వంతు దాటితే కడిగించాలి.

పాళ్ళు. పాత సున్నం ముక్క ఆరబెట్టి, తూచి, నలిపి, పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే సున్నం పొంగి కరుగుతుంది, ఇసుక మిగులుతుంది. ఆ ఇసుక కడిగి, ఆరబెట్టి తూస్తే పాత పాళ్ళు సుమారుగా తెలుస్తాయి, ఇసుక రంగు, పరిమాణం కూడా కనిపిస్తాయి. ఇసుకలో గవ్వ ముక్కలుంటే అవీ కరుగుతాయి కాబట్టి లెక్క తప్పుతుంది. అప్పుడు ల్యాబుకు పంపండి.

నేను వాడినవి ఇవి. పొడి గోడ దర్జలకు ఒకటి సున్నం, మూడు ఇసుక. నెమ్ము గోడకు ఒకటి సున్నం, ఒకటి ఇటుక పొడి, రెండు ఇసుక. ఇటుక పొడి తక్కువ కాలిన ఇటుకది కావాలి. నల్లగా మాడిన ఇటుక పొడి ఇసుకలాగే పడి ఉంటుంది, సున్నంతో కలిసి గట్టిపడదు.

గానుగ దొరికితే గానుగలో, లేకపోతే పాన్ మిక్సరులో (చక్రాలతో నలిపి కలిపే మెషీను) ఆడించండి. పారతో కలిపితే పట్టు రాదు. కలిపేటప్పుడు నీళ్ళు అదనంగా పోయకండి, నలిగేకొద్దీ అదే మెత్తబడుతుంది.

సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలపడం గురించి అడుగుతుంటారు. పట్టు తెలిసిన మేస్త్రీ ఉంటే నమూనా ముక్కమీద చూసి వాడండి. బెల్లం ఎక్కువైతే చీమలు పడతాయి, పూత ఆరదు.

## 8. గోడలు

1. వేళ్ళ కణుపులతో తట్టి, బోలు మోత వచ్చిన మేర సుద్దతో గీయండి.
2. సిమెంటు పూతను నెమ్ము గీతకు అడుగున్నర పైదాకా తీయించండి. ఎక్కడైనా ఇటుక మొహాన్ని లాక్కొస్తుంటే అక్కడ ఆపండి. మొండిగా పీకితే మిగతా ఇటుక కూడా పోతుంది.
3. గోడమీద పూసిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, తట్టలోకి ఎత్తి బయట పారేయండి. నీళ్ళతో కడిగితే తిరిగి లోపలికే పోతుంది.
4. గోడను ఆరనివ్వండి. వీలైతే మొత్తం వేసవి. జనం "ఎప్పుడు పూస్తారు?" అని అడుగుతూనే ఉంటారు, టెన్షన్ పడకండి.
5. దర్జ వెడల్పుకు రెండింతల లోతు గీకించి, దుమ్ము ఊది, గోడ తడిపి, సున్నం లోపలికంటా దట్టించాలి.
6. పూత పలుచటి పొరలుగా. ఒక్కో పొర అర అంగుళం దాటకూడదు.
7. తడి గోనె పట్టాలు వేలాడదీసి పది రోజులైనా ఎండ తగలకుండా కాపాడండి. సున్నానికి గాలీ కావాలి, చెమ్మా కావాలి. మార్చి ఎండకు వదిలేస్తే పొడిపొడిగా రాలుతుంది.

ఉప్పు ఎక్కువున్న గోడకు మొదటి పూత కొన్నేళ్ళలో పాడవుతుంది. దానికి కమిటీని ముందే సిద్ధం చేయండి. ఉప్పును తనలోకి లాక్కుని ఇటుకను కాపాడటమే ఆ పూత పని. పాడయ్యాక తీసి మళ్ళీ వేయడమే.

మార్చాల్సిన ఇటుకకు పాత ఇటుక కొలత తీసుకుని అదే సైజు చేయించండి. పరీక్ష సులువు. పొడి ఇటుక తూచి, ఇరవై నాలుగు గంటలు నానబెట్టి మళ్ళీ తూచండి. మూడు కిలోల ఇటుక మూడు కిలోల ఆరువందల గ్రాములు దాటితే వద్దు. మరీ గట్టి ఇటుకా వద్దు, పక్క పాత ఇటుకలను అదే తినేస్తుంది.

పిట్టగోడలో మొలిచిన రావి, మర్రి మొక్కలను లాగకండి. వేరు లోపల ఎంత దూరం పోయిందో తెలియదు, లాగితే గోడే వస్తుంది. మొదలు నరికి, వేరు చచ్చేలా మందు పూసి, ఎండాక ఆ రెండు మూడు వరుసల ఇటుక విప్పి వేరు తీసి తిరిగి కట్టాలి.

## 9. కలప, ఇనుము

దూలం మధ్యలో బాగుందని మోసపోకండి. గోడలో దూరిన చివర్లే ముందు పోతాయి. సన్న స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. సులువుగా దిగితే ఆ చివర కోసి, మంచి టేకు ముక్క అతికి, బోల్టులు వేయించవచ్చు. దూలం మొత్తం మార్చాల్సిన అవసరం అరుదు. తిరిగి పెట్టేటప్పుడు చివర చుట్టూ వేలెడు ఖాళీ వదలాలి, సిమెంటుతో మూసేయకూడదు.

చెదకు లైసెన్సు ఉన్నవాళ్ళతో మందు కొట్టించండి.

ఇనప దూలాల మధ్య ఇటుక కమానులున్న కప్పులో తుప్పు ముఖ్య శత్రువు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఇటుకను పగలగొడుతుంది. వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకి, అదే రోజు జింకు ప్రైమరు వేయాలి. మన గాలికి మర్నాటికే మళ్ళీ తుప్పు లేస్తుంది. మందం బాగా తగ్గిన దూలం కనిపిస్తే ముందు దన్ను, తర్వాత ఇంజనీరు.

తలుపులకు పాత పెయింటు తీయడానికి మంట పెట్టవద్దు. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, ఆ పొగ పీల్చకూడదు.

## 10. రంగు

గోడకు సున్నపు వెల్ల, పలుచగా నాలుగైదు పూతలు. ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు. పాత రంగేమిటో తెలియాలంటే ఒక మూల గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దండి, పొరలన్నీ వలయాలుగా కనిపిస్తాయి.

## 11. తరచు జరిగే తప్పులు, సవరణ

- పూత వేసిన మూడో రోజుకే సన్న బీటలు. ఎండ తగిలింది, లేదా ఇసుకకంటే సున్నం వంతు ఎక్కువైంది. పచ్చిగా ఉంటే తడిపి కొయ్య బద్దెతో మళ్ళీ రుద్దించండి. ఆరిపోతే ఆ పొర తీయాలి.
- పూతమీద చిన్న చిన్న గుంటలు పేలడం. నానని సున్నపు గడ్డలు లోపల ఉన్నాయి. జల్లెడ పట్టలేదు. గుంటలు పూడ్చి, మిగిలిన సున్నం మళ్ళీ జల్లించండి.
- కొత్త పూతలో చాటుగా సిమెంటు. జరుగుతుంది, "ఒక తట్టే వేశానండి" అంటారు. సైటులో సిమెంటు బస్తా కనిపించకూడదని నియమం పెట్టండి. అనుమానం వచ్చిన ముక్క తీయించండి.
- పరంజా కోసం గోడకు కొత్త కన్నాలు. నేలమీద నిలబడే ఇనప పరంజా అడగండి.
- శిలాఫలకానికి పెయింటు. యాసిడ్ వద్దు. మెత్తటి బ్రష్షు, నీళ్ళు, ఓపిక.

## 12. రోజూ మీరు చూడాల్సినవి

- ఈరోజు ఎన్ని తట్టల సున్నం కలిపారు, ఏ పాళ్ళు
- నీళ్ళు ఎక్కడివి
- నిన్నటి పూత తడిగా ఉందా, గోనె పట్టాలు ఉన్నాయా
- విప్పిన సామాను లెక్క సరిపోయిందా
- మూసేయబోయే పనికి ఫొటో తీశారా
- సాయంత్రం కప్పుమీద టార్పాలిన్ కట్టారా, మెయిన్ ఆపారా

ఇవి ఎం-బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) రావు. వేరే నోటుబుక్కు పెట్టి రోజూ రాయండి, మేస్త్రీతో సంతకం పెట్టించండి. నమూనా ముక్కలు, సున్నం పాళ్ళు, ఇసుక ర్యాంపు పేరు, కొత్త ఇటుకలు ఓ ఇరవై, పెంకులు ఓ వంద భవనంలోనే దాచి, ఆ సంగతి తీర్మానంలో రాయించండి.

పని అప్పజెప్పాక ఏడాదికి రెండుసార్లు మేడ ఎక్కాలి. ఒకటి మే చివర, కాలువలకు నీళ్ళు రాకముందు. రెండోది సెప్టెంబరు చివర, తుపాన్లకు ముందు. తూముల్లో ఆకులు, పావురాల గూళ్ళు, జారిన పెంకులు, పిట్టగోడలో మొలిచిన మొక్కలు. అరపూట పని.

మేడమీది తలుపు తాళంచెవి రెండు కాపీలు చేయించి ఒకటి వాచ్‌మన్ దగ్గర ఉంచండి. జోరువానలో గొడుగు పట్టుకుని ఆ తాళం బద్దలు కొట్టించినవాణ్ణి నేనే.